లచ్చిమి పన్ను

మా నాయినకు నేనంటే మస్తు పావురమని, పానమిస్తడని బస్తీల అందరు అనేటోళ్లు. ఇప్పటికి ఎవలన్న ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతది. పావురం నా మీద కాదు, నా పన్ను మీద. పై దవుడల ఎడమ దిక్కు, వరుసల జాగ లేక చిగురు మీదికెక్కి మొలిచిన కోరపన్ను. పన్ను మీద పన్ను. నేను నవ్వితే ముందుగాల అదే కనవడేది.

అది మొలిచిన యేడు నాకు తొమ్మిదో పదో ఉంటయి. నాయినకు సద్ది తీసుకొని ఎనుమాముల మిర్చి యార్డుకు పోయిన. రైతుల సరుకు అమ్మిపెట్టే సారంగపాణి సేటు అడ్తి దుకాణం ముందట జెండా పాట నడుస్తాంది. ఆ దినం మిర్చి ఏ ధరకు పోవాల్నో తేల్చే పాట అది. ఎవడో హమాలీ కాలు జారి బస్తా మీద వడ్డడు, నేను పక్కున నవ్విన. అదే గడియల ధర లేచింది. సేటు నా మొకం చూసి, "ఓరి మొండయ్యా, నీ బిడ్డకు పన్ను మీద పన్నున్నదిరా. లచ్చిమి పన్ను" అన్నడు. వారం తిరగకముందే మా నాయినకు బస్తాలు మోసుడు తప్పింది, హమాలీల ముఠాకు మేస్త్రీ అయిండు.

గప్పటి సంది ప్రతి సీజను మొదటి దినం నాకు తలకు పోసి, కొత్త లంగ తొడిగి, మొదటి బస్తా పక్కన కూసోవెట్టేటోళ్లు. "నవ్వు బిడ్డా" అనేటోళ్లు. కారం దుమ్ముకు కండ్లల్ల నీళ్లు, ముక్కుల నీళ్లు. ఆ నీళ్లల్లనే నవ్వాలె. చుట్టూత మొగోళ్లంత వంగి నా నోట్లెకు చూసేటోళ్లు. ఎడ్ల సంతల పళ్లు చూసినట్టు చూసేటోళ్లు.

ఆ పన్ను నన్ను ఎంత సతాయించిందో ఎవలు అడగలే. దాని మొన పై పెదవికి లోపల గుచ్చుకునేది. ఎప్పుడు పుండే. పులుసు తింటె మంట, చాయ ఊదుకుంట తాగితె మంట. బడిల నా పేరు సమ్మమ్మ అని హాజరు పట్టీలనే ఉండె. మిగితా అందరికి నేను కోరల సమ్మినే.

ఇగ నేను చెప్పేది ఎనభై ఏడు మిర్చి సీజను ముచ్చట. నేను ఎనిమిదో తరగతి. సంక్రాంతి సెలవులయినంక బడికి స్కూల్ హెల్త్ జీపు వచ్చింది. అండ్ల నుంచి తెల్లకోటు వేసుకొని డాక్టరమ్మ దిగింది. పేరు ఎస్తేరు. పిల్లలను ఎండల వరుసగ నిలవెట్టి, ఒక్కొక్కల నాలిక మీద కట్టెపుల్ల వెట్టి, టార్చి కొట్టి చూసుకుంట పోతాంది. మొకంల నవ్వన్నదే లేదు. నాకు ఆమె మొదటి సూపుకే నచ్చింది, ఎందుకంటె ఆమె ఎవలను నవ్వుమంటలేదు.

నా దగ్గర ఆగింది. పెదవి ఎత్తి చూసింది.

"ఈ పుండు ఎన్ని రోజుల నుంచి?"

"ఎప్పటి సంది ఉన్నదే."

"ఇన్ని రోజులు ఎవరికీ చెప్పలేదా?"

"అందరికి ఎరుకే" అన్న. "ఆ పన్ను పీకెయ్యిండ్లి డాక్టరమ్మా. ఇప్పుడే పీకుండ్లి."

"డాక్టరు నువ్వా, నేనా?" అని కసురుకున్నది. "ఇది మంచి పన్ను. జాగ లేక పైకెక్కింది, అంతే. దీని వెనక పన్ను పీకి జాగ చేస్తా. తర్వాత తీగె ఉన్న ప్లేటు పెడతా. ఆ తీగె దీన్ని మెల్లగా వరుసలకు గుంజుతది. ఐదారు నెలలు పడతది. తినేటప్పుడు తప్ప రాత్రింబగళ్లు నోట్లనే ఉండాలి. పైసా ఖర్చు లేదు, సర్కారే ఇస్తది. పెట్టుకోను అంటే ఇప్పుడే చెప్పు, నా సామాను ఖరాబు చెయ్యకు."

"వెట్టుకుంట."

"ఈ కార్డు మీద మీ నాన్న సంతకమన్నా, వేలిముద్రన్నా తీసుకొని శనివారం దవాఖానకు రా."

ఇంటికొచ్చి ఆ కార్డు నాయిన ముందట వెట్టిన. ఆయినకు సదువు రాదు. నేనే సదివి చెప్పిన. సగం ఇన్నడో లేదో, కార్డు నా మొకం మీదికి ఇసిరిండు.

"ఆ పన్ను నీది కాదే, ఈ ఇంటిది. దాని మీద ఎవని చెయ్యన్న పడ్డదా, నీ కాళ్లు ఇరగ్గొడ్త."

"నాకు నొస్తాంది నాయినా."

"నొయ్యని. నేను పదిహేనేండ్లు నడుము మీద బస్తాలు మోసిన. నాకు నొయ్యలేదా?"

నన్ను కన్న మా అవ్వ కట్టమ్మ పొయ్యి కాడ ఉన్నది. అదే సేటు దుకాణంల తాలు ఏరుడు దాని పని. ఎర్ర కాయలల్లకెల్లి తెల్లబారిన తాలు కాయలను ఏరి పక్కకు వేసుడన్నట్టు. పొద్దుందాక మూతికి గుడ్డ కట్టుకొని కారంల కూసుంటది. అది నా దిక్కు తిరిగి సుత చూడలే.

"మేం కారంల సావవట్టె. నీకేమో కూసోని నవ్వే పని దొరికె. దానికి ఏడ్సుడొకటి" అన్నది.

ఇద్దరి మీద నాకు పట్టరాని కోపమొచ్చింది. ఆ దినం బువ్వ తినలే. తినలేదేమని ఎవలు అడగలే.

ఐతారం పగటీలి నాయిన కల్లు తాగొచ్చి అరుగు మీద పండుకున్నడు. నోరు తెరిచి గురక వెడ్తాండు. నేను ఇంకు పెన్ను మూత తీసి, ఆయిన బొటనేలుకు సిరా రుద్దిన. కార్డు మీద వేలు వెట్టి ఒత్తిన. ముద్ర మంచిగ వడ్డది. తల ఎత్తేవరకు అవ్వ తలుపు కాడ నిలవడి ఉన్నది.

నా పానం పోయినంత పనయ్యింది. అవ్వ దగ్గరికొచ్చి వంగింది. కొంగు కొసను ఉమ్మితోని తడిపి, నాయిన బొటనేలుకున్న సిరా అంత తుడిసింది. గోటి సందులది సుత తుడిసింది. లేసి, "అంట్లు అట్లనే ఉన్నయి, పోయి తోము" అన్నది.

శనివారం బడి ఎగ్గొట్టి దవాఖానకు పోయిన. డాక్టరమ్మ కార్డు చూసింది. సూది ఇచ్చింది. కోరపన్ను ఎన్కాల ఉన్న పన్నును పట్టుకారు తోటి పీకి, గిన్నెల వేసింది. టంగుమని సప్పుడయ్యింది. నోటి నిండ దూది వెట్టింది. గప్పుడే బయట లొల్లి మొదలయ్యింది.

నాయిన. ఎవలు చెప్పిండ్లో ఏమో, యార్డుకెల్లి అట్లనే ఉరికొచ్చిండు. చేతుల బస్తాలు గుంజే కొక్కెం. ఆయాను పక్కకు నెట్టేసి లోపలికొచ్చిండు.

"ఎవతి అది, నా బిడ్డ పన్ను పీకింది?"

"కొక్కెం బయట పెట్టి మాట్లాడు" అన్నది డాక్టరమ్మ. ఒక్క అడుగు ఎన్కకు వెయ్యలే.

నాయిన ఆమెను చూడలే. నా గడ్డం వట్టి మొకం ఎత్తిండు. నోట్లె దూది గుంజి పారేసిండు. గడ్డం మీదికి నెత్తురు కారుతాంది. పెదవి మొద్దువారి ఏలాడుతాంది. ఆయిన పెదవి ఎత్తి చూసిండు. కోరపన్ను అక్కన్నే ఉన్నది.

నవ్విండు. పడి పడి నవ్విండు. "ఓ డాక్టరమ్మా, పీకేది ఇడిసిపెట్టి పక్కది పీకినవా? సదువుకున్నదానివి, గీ మాత్రం తెల్వదా?" అన్నడు. నా నెత్తురు ఆయిన వేళ్లకంటితె, నా లంగకే తుడుసుకున్నడు.

డాక్టరమ్మకు కోపంతోని మొకం ఎర్రవడ్డది. అసలు సంగతి చెప్పుటానికి నోరు తెరిచింది. నేను కుర్సీలకెల్లి ఆమె కోటు అంచు వట్టుకొని గుంజిన. తల అడ్డం ఊపిన. ఆమె నన్ను చూసింది, నాయినను చూసింది. పోయి చేతులు కడుక్కున్నది.

"పీకిన దగ్గర కట్టు పెట్టాలి. రెండు వారాలకొకసారి శనివారం పంపియ్యి" అన్నది గోడ దిక్కు చూసుకుంట.

"పంపిస్త, పంపిస్త. మీరు చేసిన తప్పుకు మీరే కట్టు కట్టుండ్లి" అన్నడు నాయిన.

ఆ ముచ్చట యార్డంత చెప్పుకున్నడు. సర్కారు దవాఖానల తప్పు పన్ను పీకిండ్లని, లచ్చిమి లచ్చిమే గనుక బతికిపోయిందని. సేటు, హమాలీలు, ఖరీదుదార్లు కడుపులు పట్టుకొని నవ్విండ్లట. నవ్వనియ్యి అనుకున్న. వాళ్ల నవ్వు ఎన్కాల నా పని నేను చేసుకుంటాన్న.

ప్లేటు వచ్చింది. గులాబి రంగుది, అంగిటికి అంటుకునేది. ముందట సన్నని తీగె. తీగె కొస ఆ పన్ను మీద కూసుంటది. మొదటి వారం దవుడంత సలుపు. మాట తిరగకపోయేది. నాయిన ముందట నోరే తెరిచేదాన్ని కాదు, పీకిన నొప్పని ఆయిన అనుకునేటోడు. రెండు వారాలకొకసారి డాక్టరమ్మ పట్టుకారుతోని తీగె జర బిగిచ్చేది. "నొప్పి ఉందా?" అని అడిగేది. "ఉన్నది" అంటె, "ఉండాలి. ఉంటేనే జరుగుతది" అనేది. ఒక్కనాడన్న మెచ్చుకోలే. ఓసారి ప్లేటు మంచిగ కడగలేదని అందరి ముందట నా చెవి మెలేసింది.

ఫిబ్రవరిల సీజను మొదటి దినం వచ్చింది. ప్లేటు తీసి ఓణి కొంగుల ముడేసుకొని, బస్తా పక్కన కూసోని నవ్విన. పన్ను అప్పటికి జర కిందికి దిగింది గని, ఎవలు గుర్తువట్టలే. సేటు కొబ్బరికాయ కొట్టిండు.

మార్చి పోయేవరకు పెదవి లోపలి పుండు మానింది. ఒకనాడు ముద్ద నోట్లె వెట్టుకుంటె మంట లేదు. నాలికతోటి తడిమి చూసుకున్న. నున్నగున్నది. సత్తు గిన్నె అడుగుల మొకం చూసుకున్న. ఆ పన్ను సగం దాక వరుసలకొచ్చింది. నా బతుకుల గంత సంబురం మళ్ల ఎన్నడు కాలే. నా నోరు నాకు దొరికింది అనిపిచ్చింది.

ఏప్రిల్‌ల మిర్చి ధర పడ్డది. ఆ యేడు జిల్లంత మిర్చే పెట్టిండ్లు. బండ్ల మీద బండ్లు వచ్చుడే గని కొనేటోడు లేడు. అది ఏ పిలగాన్ని అడిగినా చెప్తడు. కని సారంగపాణి సేటుకు నేను యాదికొచ్చిన. "మొండయ్యా, బిడ్డను తీసుకరా. ఇంకోపారి నవ్విద్దాం" అన్నడు.

బడికెల్లి అట్లనే తీసుకపోయిండు నాయిన. దుకాణం ముందట మిర్చి రాశి పోసి ఉన్నది. హమాలీలు పారలతోటి ఎత్తి బస్తాలల్ల నింపుతాండ్లు. అవ్వ ఓ పక్కకు ఆడోళ్ల నడుమ తాలు ఏరుతాంది. ప్లేటు తీసి ముడేసుకునే సందు నాకు దొరకలే. నోరు మూసుకొని నిలవడ్డ.

"నవ్వవేందే" అన్నడు నాయిన.

నవ్వలే. సేటే దగ్గరికొచ్చి, గడ్డం కింద వేలు వెట్టి, "ఏదీ" అన్నడు. నాయిన నా రెండు చెంపలు నొక్కి వట్టిండు. నోరు తెరుచుకున్నది. ఎండకు తీగె మెరిసింది.

సేటు శానసేపు చూసిండు. "పన్నేదిరా మొండయ్యా?" అన్నడు.

నాయిన వంగిండు. పీకిన జాగల ఆ పన్ను దిగి కూసున్నది. దవాఖానల పీకింది తప్పు పన్ను కాదని ఆయినకు గప్పుడు సమజయ్యింది. నోట్లె రెండు వేళ్లు వెట్టి ప్లేటు ఊడగుంజిండు. చిగురు చీరి నెత్తురొచ్చింది. ప్లేటును రాశి మీదికి ఇసిరేసిండు. నేను ఉరకవోతే జుట్టు దొరకవట్టిండు. నేను చూస్తాంటనే పారలు లేసినయ్, పడ్డయ్. ప్లేటు ఏ బస్తాల పడ్డదో ఎవలకు తెల్వదు. నలభై బస్తాలు నింపి, మూతులు కుట్టి, గోదాంల పెట్టిండ్లు.

అవ్వ దిక్కు చూసిన. అవ్వ తల వంచుకొని తాలు ఏరుతాంది. నాయిన కన్న ఎక్కువ అవ్వ మీదనే మండింది నాకు.

ఆ శనివారం దవాఖానకు పోయి డాక్టరమ్మకు అంత చెప్పిన. ఇంకో ప్లేటు ఇయ్యిమన్న.

"కార్డుకు ఒక్కటే. సామాను మార్చితోనే అయిపోయింది. మళ్ల ఎప్పుడు వస్తదో నాకే తెలియదు" అన్నది. "రెండు నెలలు ఏమీ పెట్టుకోకపోతే ఆ పన్ను వచ్చిన తొవ్వనే మళ్ల ఎనక్కి పోతది. ఇంత చేసి కూడా పని పాడైతది."

"ఏం చెయ్యాలె మరి?"

"ఏం చేస్తవో నాకేం తెలుసు? మీ నాన్నను అడుగు" అని కసురుకొని, ఇంకో పిల్లను పిలిచింది. పిల్ల నోట్లె చూసుకుంట నడుమ ఆగి, నా దిక్కు తిరక్కుంటనే అన్నది. "వేలితోని ఒత్తుతా ఉండు. ఎంతసేపు వీలైతే అంతసేపు."

ఒత్తిన. బడిల ఒత్తిన, బాయి కాడ ఒత్తిన, పండుకొని ఒత్తిన. బొటనేలు కాయ కాసింది. పొద్దుగాల లేవంగనే నాయిన వచ్చి పెదవి ఎత్తి చూసేటోడు. "ఇంక ఎక్కలే" అని పోయేటోడు. సేటు ఆయినను మేస్త్రీగ తీసేసిండు. మళ్ల బస్తాలు మోస్తాండు. పన్ను పైకెక్కితే మళ్ల మేస్త్రీని చేస్తనని సేటు మాటిచ్చిండట. అందుకే ఆ సూసుడు. ఒకనాడు చెయ్యి కొరికిన. చెంప మీద ఒక్కటి చరిచిండు, ఆ దినం సుత చూసుడు మానలే.

అవ్వ మాత్రం పొద్దు పొడవకముందే పోతాంది, పొద్దుగూకినంక వస్తాంది. ఇంట్ల ఎవలతోని మాట లేదు. బువ్వ నేనే వండుతాన్న. అన్నం తినేటప్పుడు దాని చేతులు చూసిన. మోచేతుల దాక ఎర్రగ ఉబ్బినయ్. "ఏందే అవ్వా, చేతులు?" అంటె, "నీకెందుకు" అన్నది. ఐదు దినాలు గిట్లనే నడిచింది.

ఆరో దినం పొద్దు ఉండంగనే ఇంటికొచ్చింది. కండ్లు సగం మూసుకపోయి ఉన్నయ్. వాకిట్ల కూలవడ్డది. కొంగు ముడి ఇప్పుతె వస్తలేదు, వేళ్లు వంగుతలేవు. నేను ఇప్పిన. అండ్ల ప్లేటు ఉన్నది.

అరుగు మీదికెల్లి నాయిన లేసిండు. "గోదాంల నలభై బస్తాల మూతులు ఇప్పినవట. సేటు తాలు మళ్ల ఏరుమన్నడని గుమస్తాకు అబద్దం చెప్పినవట. నిన్ను ఇగ పనికి రావద్దన్నడు సేటు."

"రావద్దంటె రాను."

"ఇల్లు ఎట్ల నడువాలె మరి?"

"ఇన్నేండ్లు పోరి పన్ను మీద నడిపిచ్చినవు గద" అన్నది అవ్వ. "ఇగ మన చేతుల మీద నడిపిద్దాం."

నాయిన కాలితోని బిందెను తన్నిండు. నీళ్లు వాకిలంత పారినయ్. ఎవలం లేవలే.

నేను ప్లేటు కడిగిన. సబ్బుతోని కడిగిన, ఉప్పుతోని కడిగిన. కారం పోలే. నోట్లె వెట్టుకున్న. బిర్రుగ వట్టింది, పన్ను అప్పుడే జర జరిగిందన్నట్టు. అంగిట్ల, చిగుళ్లల్ల, చిరిగిన కాడ నిప్పు వెట్టినట్టయ్యింది. కండ్లల్లకెల్లి నీళ్లు ధారలు కడ్తాన్నయ్. తియ్యలే. తీస్తె మళ్ల ఎవడు గుంజుకుంటడో అని భయం. ప్లేటు నోట్లనే ఉంచుకొని, సల్ల గిన్నె తెచ్చి అవ్వ చేతులు అండ్ల ముంచిన. అవ్వ అబ్బ అని సుత అనలే.

రెండు నెలలు నిద్రల సుత ప్లేటు ఇడవలే. అవ్వ ఊళ్లల్ల పత్తి చేన్లకు కూలికి పోయింది. నాయిన నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. జూన్‌ల బడి తెరిచినంక ఆఖరి శనివారం డాక్టరమ్మ ప్లేటు తీసి, టార్చి కొట్టి, అద్దం నా చేతుల వెట్టింది. వరుసల కోరపన్ను ఏదో నేనే గుర్తువట్టలేకపోయిన. "పర్వాలేదు" అన్నది. కార్డు మీద గీత కొట్టి, "పో" అన్నది.

ఇంటికొచ్చేవరకు అవ్వ వాకిట్ల కూసున్నది. చేతులకు ఇంక పొరలు పొరలు తోలు లేస్తనే ఉన్నది. నాయిన నడుముకు గుడ్డ సుట్టుకొని అరుగు మీద పండుకున్నడు. మెలకువతోనే ఉన్నడు.

"అయిపోయిందా?" అన్నది అవ్వ.

"అయిపోయింది."

"ఏదీ, నవ్వు. దేనికోసం చేతులు కాల్చుకున్ననో చూడొద్దా?"

నాయిన అరుగు మీద తల ఎత్తిండు. నేను ఆయిన దిక్కు వీపు వెట్టి, అవ్వ ముందట గొంతు కూసోని, నోరంత తెరిచి నవ్విన.